వెనుక వరుసలో నిలబడిన తల్లి



ఈవేళ మీతో ఒక ఆటగత్తె గురించి ముచ్చటిద్దామనుకుంటున్నాను. ఆటల మాట ఎత్తగానే "మనకెందుకమ్మా ఆ గొడవ, పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది" అని రేడియో కట్టెయ్యకండి. పప్పు ఉడకనివ్వండి, ఒక చెవి ఇటు పారేయండి చాలు. ఎందుకంటే ఈ కథలో బంతి ఎంత ఉందో ఉయ్యాల కూడా అంతే ఉంది.

ఆమె పేరు జాయ్ ఫాసెట్. అమెరికా దేశస్థురాలు. 1987 నుంచి 2004 వరకు, అంటే పదిహేడేళ్ళపాటు, ఆ దేశపు మహిళా ఫుట్‌బాల్ జట్టులో ఆడింది. 230కి పైగా అంతర్జాతీయ పోటీల్లో దిగింది. ఆ పదిహేడేళ్ళలోనే ముగ్గురు ఆడపిల్లలను కన్నది: 1994లో ఒకరిని, 1997లో ఒకరిని, 2001లో ఒకరిని. ప్రతి కాన్పు తర్వాతా మళ్ళీ మైదానంలోకి వచ్చింది. 1995, 1999, 2003 ప్రపంచ కప్పు పోటీల్లో తన జట్టు ఆడిన ప్రతి ఆటలోనూ, ఒక్క నిమిషం కూడా బయట కూర్చోకుండా ఆడింది. ఇది వినగానే మనకు రెండు మాటలు తోస్తాయి. ఒకటి, "ఆవిడెవరో మహాతల్లి, మనలాంటి వాళ్ళకెక్కడ సాధ్యం!" రెండోది ఇంకొకరు మనకు వినిపించే మాట: "చూశావా, ముగ్గురు పిల్లలతో ఆవిడ అంత చేస్తే నీకు ఇద్దరితోనే ఊపిరాడటం లేదేం?" ఈ రెండు మాటలూ సరైనవి కావని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కథ మొదటినుంచీ చెప్పాలి.

ముందు ఆమె ఆటలో చేసే పని ఏమిటో చూద్దాం. ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టుకు పదకొండుమంది. గోలుపోస్టు ముందు నిలబడేది గోల్‌కీపరు. ముందు వరుసలో ఉండేవాళ్ళు ఎదుటివారి గోలులో బంతి వెయ్యాలని చూస్తారు. పత్రికల్లో ఫొటోలు, పేర్లు వాళ్ళవే. గోల్‌కీపరుకు ముందు, మిగతా అందరికీ వెనుక నిలబడే వాళ్ళను డిఫెండర్లంటారు. ఎదుటి జట్టు బంతి తీసుకొని వస్తుంటే ఆపడం వాళ్ళ పని. వాళ్ళు బాగా పని చేస్తే ఏమీ జరగదు! గోలు పడదు, జనం చప్పట్లు కొట్టరు, మర్నాడు పేపర్లో ఒక్క ముక్కా రాదు. ఒక్కసారి ఏమరుపాటున ఉంటే మాత్రం మైదానమంతా వేలెత్తి చూపిస్తుంది. ఏ పూటా లోటు రాకుండా ఇల్లు నడిపినన్నాళ్ళు ఎవరూ ఏమీ అనరు. ఒక్క పూట పంచదార నిండుకుంటే ఇల్లంతా మాట్లాడుతుంది. ఆ బాధ తెలిసిన మనకు డిఫెండరు బాధ వేరే చెప్పక్కర్లేదు. జాయ్ ఫాసెట్ డిఫెండరు. ఎక్కువకాలం కుడివైపున, చివరి సంవత్సరాల్లో మధ్యన నిలబడి ఆడింది.

ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడటం ఈమధ్య వచ్చిన వింత అనుకుంటారు చాలామంది. కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో మగవాళ్ళు యుద్ధానికి వెళ్తే, ఫ్యాక్టరీల్లో మందుగుండు తయారీ పనికి ఆడవాళ్ళు వెళ్ళారు. ప్రెస్టన్ పట్టణంలో డిక్, కెర్ అనే కంపెనీలో పనిచేసే అమ్మాయిలు ఒక జట్టుగా ఏర్పడి 1917 నుంచి ఆడటం మొదలుపెట్టారు. వచ్చిన డబ్బు యుద్ధంలో గాయపడ్డ సిపాయిలకు, ఆస్పత్రులకు ఇచ్చేవారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ళు ఆడిన ఆటకు 53,000 మంది వచ్చారు. చోటు చాలక వెనక్కి వెళ్ళినవాళ్ళు ఇంకా ఎందరో.

మరి ఏమైంది? 1921 డిసెంబరులో అక్కడి ఫుట్‌బాల్ సంఘం పెద్దలు కూర్చొని, ఈ ఆట ఆడవాళ్ళకు తగదని తీర్మానించి, తమ క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళను ఆడనివ్వరాదని ఆజ్ఞ వేశారు. యాభైవేలమంది చూడవచ్చిన ఆట, మైదానం లేక వీధిన పడింది. ఆ నిషేధం దాదాపు యాభైఏళ్ళు సాగింది. ఎత్తేసింది 1970ల మొదట్లోనే. జర్మనీలో 1955 నుంచి 1970 వరకు ఇలాంటి నిషేధమే. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 వరకు ఏకంగా ప్రభుత్వ ఉత్తర్వే ఉంది. "ఆడవాళ్ళకు ఆ ఆట రాదు" అనేవాళ్ళను మనం అడగవలసిన ప్రశ్న ఇదే: రాకపోతే నిషేధించడమెందుకండీ? నీళ్ళు పారని చోట ఎవరైనా గట్టు కడతారా?

అమెరికాలో కథ వేరు. అక్కడ మగవాళ్ళకు ఈ ఆట మీద పెద్ద మోజు లేదు. వాళ్ళ మోజంతా బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఇంకా వాళ్ళదే అయిన మరో రకం ఫుట్‌బాల్. అందుకని ఆడపిల్లలు ఈ ఆటలోకి వస్తుంటే అడ్డుపడేవాళ్ళు తక్కువయ్యారు. దానికి తోడు 1972లో ఒక చట్టం వచ్చింది. దాన్ని టైటిల్ నైన్ అని పిలుస్తారు. ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ బడీ, ఏ కాలేజీ ఆడపిల్లలని తక్కువచేసి చూడకూడదని ఆ చట్టం సారాంశం. చదువుకు మాత్రమే కాదు, ఆటలకూ అది వర్తించింది. ఆ చట్టం వచ్చేనాటికి అక్కడి హైస్కూళ్ళలో ఆటలాడే అమ్మాయిలు 3 లక్షలకు లోపే. 1990ల చివరికి వాళ్ళ సంఖ్య 25 లక్షలు దాటింది. ఆ పాతికేళ్ళలో అమ్మాయిల కాళ్ళూ చేతులూ మారలేదు కదా! మారింది చట్టం.

జాయ్ 1968 ఫిబ్రవరి 8న కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టింది. పుట్టింటివారి పేరు బీఫెల్డ్. ఆ చట్టం వచ్చేనాటికి నాలుగేళ్ళ పిల్ల. అంటే ఆమెకు బడి ఈడు వచ్చేసరికి బడి మైదానం తలుపు తెరిచి ఉంది. ఆమెకంటే పదేళ్ళు ముందు పుట్టిన అమ్మాయికి ఇదే కాలిబలం ఉన్నా ఆ తలుపు దొరికేది కాదు. ఆమె బర్క్‌లీలోని విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆడింది. 1987లో, పందొమ్మిదేళ్ళ వయసులో, జాతీయ జట్టులోకి వచ్చింది.

జాతీయ జట్టు అంటే ఏదో వైభవం ఊహించుకోకండి. అమెరికా మహిళా జట్టు మొట్టమొదటి ఆట ఆడింది 1985 ఆగస్టులో, ఇటలీలో. ఆటకు ఇచ్చిన దుస్తులు మగవాళ్ళ కొలతలవి. ముందురోజు రాత్రి కూర్చొని వాటిని కత్తిరించి, మడిచి, దేశం పేరు అక్షరాలు కుట్టుకోవలసివచ్చింది. ఆ తొలి సంవత్సరాల్లో ఆటగత్తెలకు దొరికింది రోజుకు 10 డాలర్ల భత్యం. దాన్నిబట్టి వాళ్ళని ఆడించింది డబ్బు కాదని తెలుస్తూనే ఉంది.

మహిళలకు మొదటి ప్రపంచ కప్పు 1991లో చైనాలో జరిగింది. మగవాళ్ళ ప్రపంచ కప్పు 1930లోనే మొదలైందని గుర్తుపెట్టుకోండి. మధ్యన అరవై ఒక్క ఏళ్ళు! అప్పుడు కూడా ఆడవాళ్ళు పూర్తిగా 90 నిమిషాలు ఆడగలరో లేదోనన్నట్టు ఒక్కో ఆటను 80 నిమిషాలకు కుదించారు. ఫైనల్లో అమెరికా నార్వేని 2-1తో ఓడించి కప్పు గెలిచింది. రెండు గోలులూ మిషెల్ ఏకర్స్ అనే ఆమె వేసింది. జాయ్ వెనుక వరుసలో ఉంది. ప్రపంచ విజేతలై ఇంటికి తిరిగొస్తే విమానాశ్రయంలో స్వాగతం చెప్పడానికి వచ్చినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. చాలామందికి అలాంటి పోటీ జరిగిందనే తెలియదు.

ఇక్కడినుంచీ మనకు కావలసిన కథ మొదలవుతుంది.

1993లో లాస్ ఏంజిలిస్‌లోని విశ్వవిద్యాలయం కొత్తగా అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును పెట్టి జాయ్‌ను దానికి మొట్టమొదటి ప్రధాన శిక్షకురాలిగా తీసుకుంది. మరుసటి ఏడు, 1994 మేలో, తొలి కాన్పు. ఒకపక్క కాలేజీ అమ్మాయిలకు నేర్పే ఉద్యోగం, ఒకపక్క దేశం తరపున ఆట, ఒడిలో చంటిబిడ్డ. అప్పటివరకు ఆ రంగంలో ఉన్న ఆనవాయితీ ఏమిటంటే, పిల్లలు పుడితే ఆట సరి. ఎవరూ పొమ్మని చెప్పరు. కానీ శిబిరం ఇంటికి వందల మైళ్ళ దూరంలో ఉంటుంది, నెలల తరబడి ఉంటుంది. బిడ్డను ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. పొమ్మనకుండా పొగపెట్టడమంటే అదే.

జాయ్ ఏం చేసింది? బిడ్డను వెంటబెట్టుకొని శిబిరానికి వెళ్ళింది. చంటిపిల్ల, పిల్లబండి, పాలసీసాలు, బట్టల మూటలు అన్నీ జట్టుతోపాటే ఊళ్ళు తిరిగాయి. ఆమె సాధన చేసే వేళ బిడ్డను చూడటానికి ఒక ఆయా కావాలి. ఆయాకు జీతం, ప్రయాణం, బస ఎవరిస్తారు? ఇది జట్టు ముందు, దాన్ని నడిపే సంఘం ముందు వచ్చి నిలబడ్డ ప్రశ్న. అప్పటి కోచ్ టోనీ డిచికో తల్లులైన ఆటగత్తెలకు అండగా నిలిచాడు. తోటి ఆటగత్తెలు విసుక్కోలేదు సరికదా, పిల్లను తలా కాసేపు ఎత్తుకున్నారు. క్రమంగా ఆయా ఖర్చులను సంఘమే భరించడం మొదలుపెట్టింది. తర్వాతి ఒప్పందాల్లో ఈ వసతి కాగితం మీదికి కూడా ఎక్కింది. 1997లో జట్టు కెప్టెన్ కార్లా ఓవర్‌బెక్ కూడా ఒక కొడుకును కన్నది. ఆమె కొత్తగా దారి వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. జాయ్ నడిచిన దారి అప్పటికే ఉంది.

కాగితం మీదికి ఎక్కడం అన్నాను కదూ, అది గమనించండి. ఎవరో మంచివాడు దయతలిచి ఇచ్చినది ఆయన ఉన్నన్నాళ్ళే ఉంటుంది. కాగితం మీద ఉన్నది తర్వాతివాళ్ళకు కూడా ఉంటుంది. ఈ తేడా ఆ అమ్మాయిలకు బాగా తెలిసింది. ఎలా తెలిసిందో చెప్తాను.

1996లో అట్లాంటా ఒలింపిక్స్. మహిళల ఫుట్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చిన సంవత్సరం. ముందు ఏడాది చివర్లో అమెరికా ఫుట్‌బాల్ సంఘం ఒక ఒప్పందం ఇచ్చి సంతకం పెట్టమంది. అందులో స్వర్ణం గెలిస్తేనే ఆడవాళ్ళకు బహుమానం. మగవాళ్ళకు మాత్రం ఏ పతకం తెచ్చినా బహుమానం. అప్పటికి ప్రపంచ కప్పు గెలిచింది ఆడవాళ్ళ జట్టు, మగవాళ్ళది కాదు! జూలీ ఫౌడీ అనే ఆటగత్తె టెన్నిస్ క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్‌ను కలిసి సలహా అడిగింది. టెన్నిస్‌లో ఆడవాళ్ళ డబ్బు కోసం పోరాడిన మనిషి ఆమె. ఆటగత్తెలే కలిసికట్టుగా నిలబడాలి తప్ప ఇంకెవరూ చేసిపెట్టరని ఆమె చెప్పిన దాని సారం. తొమ్మిదిమంది ముఖ్యమైన ఆటగత్తెలు సంతకం పెట్టం అన్నారు. సంఘం వాళ్ళను శిబిరానికి రానివ్వలేదు. ఆ తొమ్మిదిమందిలో జాయ్ ఫాసెట్ ఒకతె.

ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో ఏడాదిన్నర బిడ్డ. జీవితంలో మొదటిసారి ఒలింపిక్స్ గుమ్మంలో ఉంది. సంతకం పెడితే లోపలికి, పెట్టకపోతే బయటికి. "మనకెందుకు, అందరూ పెడితే మనమూ పెడదాం" అనుకోవడానికి ఆమెకు అందరికంటే ఎక్కువ కారణాలున్నాయి. అయినా పెట్టలేదు. చివరికి సంఘమే దిగివచ్చింది. రజతానికి కూడా బహుమానం ఇస్తామని ఒప్పుకుంది. అందరూ శిబిరానికి వెళ్ళారు.

1996 ఆగస్టు 1న జరిగిన ఫైనల్లో అమెరికా చైనాతో తలపడింది. చూడవచ్చినవాళ్ళు 76,489 మంది. స్కోరు చెరి ఒక గోలుగా ఉంది. రెండో సగంలో మియా హామ్ అందించిన బంతిని తీసుకొని, డిఫెండరైన జాయ్ కుడివైపు నుంచి ముందుకు పరుగుతీసింది. గోలు ముందుకు చేరి, తానే కొట్టవచ్చునన్న ఆశ పడకుండా, ఖాళీగా ఉన్న టిఫనీ మిల్‌బ్రెట్‌కు అందించింది. మిల్‌బ్రెట్ గోలు చేసింది. 2-1. తొలి ఒలింపిక్ స్వర్ణం. ఆ ఆటను అమెరికా టెలివిజన్‌లో పూర్తిగా చూపించనైనా లేదు, తునకలు తునకలుగా చూపించారు. అయినా మైదానానికి వచ్చిన ఆ డెబ్భై ఆరువేలమందిని కాదనడం ఎవరివల్లా కాలేదు.

1999 ప్రపంచ కప్పు అమెరికాలోనే జరిగింది. అప్పటికి జాయ్‌కు ఇద్దరు పిల్లలు. పెద్దపిల్లకు ఐదేళ్ళు, చిన్నదానికి రెండు. క్వార్టర్ ఫైనల్ జర్మనీతో. దేశాధ్యక్షుడు క్లింటన్ కూడా చూడవచ్చాడు. ఆట మొదలైన ఐదో నిమిషంలోనే ఘోరం జరిగింది. బ్రాండీ చేస్టెయిన్ అనే డిఫెండరు బంతిని వెనక్కి తమ గోల్‌కీపరుకు ఇవ్వబోతే అది తిన్నగా తమ గోలులోకే వెళ్ళింది! కెప్టెన్ ఓవర్‌బెక్ ఆమె దగ్గరికి వచ్చి, దిగులుపడకు, ఇంకా బోలెడు ఆట ఉందని ధైర్యం చెప్పింది. ఆ మాట అమృతంలా పనిచేసి ఉండాలి. సగం ఆట అయ్యేసరికి జర్మనీ 2-1తో ముందుంది. రెండో సగం మొదలవగానే, తప్పు చేసిన ఆ చేస్టెయినే గోలు కొట్టి సమం చేసింది. 66వ నిమిషంలో మూలనుంచి షానన్ మెక్‌మిలన్ కొట్టిన బంతి గాలిలో వస్తుంటే జాయ్ ఫాసెట్ తలతో గోలులోకి పంపింది. 3-2. అదే గెలుపు గోలు. ఆ గోలు లేకపోతే తర్వాత జరిగిన సంబరమేదీ లేదు.

జూలై 10న లాస్ ఏంజిలిస్ దగ్గర రోజ్ బౌల్ మైదానంలో ఫైనల్. మళ్ళీ చైనాయే. వచ్చినవాళ్ళు 90,185 మంది. టెలివిజన్లో చూసినవాళ్ళు అమెరికాలోనే సుమారు 4 కోట్లు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆట, పొడిగించిన ఆట కలిపి రెండుగంటలపాటు ఎవరికీ గోలు లేదు. పొడిగించిన సమయంలో చైనా అమ్మాయి తలతో కొట్టిన బంతి గోల్‌కీపరును దాటిపోతే, గోలు గీత దగ్గర నిలబడ్డ క్రిస్టీన్ లిల్లీ తలతోనే ఆపింది. చివరికి ఐదేసి పెనాల్టీ కిక్కులతో తేల్చవలసివచ్చింది. అమెరికా తరపున మొదట కొట్టింది కార్లా ఓవర్‌బెక్. రెండోది జాయ్ ఫాసెట్. ఇద్దరూ గోలు చేశారు. ఆ రోజు అంత భారం నెత్తిన పెట్టుకొని ముందు నడిచిన ఆ ఇద్దరూ జట్టులో ఉన్న ఇద్దరు తల్లులే! తర్వాత చైనా మూడో కిక్కును గోల్‌కీపరు బ్రయానా స్కరీ ఆపేసింది. ఆఖరి కిక్కు చేస్టెయిన్ కొట్టి గెలిపించింది. ఆమె మోకాళ్ళమీద కూలబడి ఆనందంతో అరుస్తున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఆ ఫొటో అందరికీ గుర్తుంది. గుర్తులేనిది ఇంకొకటి ఉంది. ఆ ప్రపంచ కప్పులో అమెరికా ఆరు ఆటలు ఆడింది. ఆరింటిలో కలిపి వాళ్ళమీద పడిన గోలులు 3. అందులో ఒకటి తమవాళ్ళే వేసుకున్నది! అది వెనుక వరుస చేసిన పని. ఆ పనికి ఫొటో ఉండదు.

2000లో సిడ్నీ ఒలింపిక్స్ ఫైనల్లో నార్వే చేతిలో 3-2తో ఓడి రజతం తెచ్చుకున్నారు. 2001లో అమెరికాలో ఆడవాళ్ళకు జీతమిచ్చి ఆడించే వృత్తి లీగు మొదలైంది. జాయ్ శాన్ డియేగో జట్టులో చేరింది. ఆ ఏడాది జూన్‌లోనే మూడో కూతురు. పాపం, ఆ లీగు మూడేళ్ళే బతికింది. డబ్బు చాలక 2003 సెప్టెంబరులో, ప్రపంచ కప్పు ఇంకా వారం కూడా లేదనగా, మూసేశారు. ఆ ప్రపంచ కప్పు చైనాలో జరగవలసింది, సార్స్ జబ్బు కారణంగా అమెరికాకు మార్చారు. జాయ్‌కు అప్పుడు ముప్ఫై ఐదేళ్ళు. ముగ్గురు పిల్లల తల్లి. ఒక్క నిమిషం తప్పకుండా ఆడింది. సెమీ ఫైనల్లో జర్మనీ వాళ్ళను 3-0తో ఓడించి, తర్వాత కప్పు కూడా గెలిచింది. 1970 దాకా ఆడవాళ్ళను మైదానంలోకి రానివ్వని దేశం చూడండి ఎక్కడికి వచ్చిందో!

2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జట్టుకు మళ్ళీ స్వర్ణం. ఆ ఏడాదే మియా హామ్, జూలీ ఫౌడీలతోపాటు జాయ్ ఆటకు సెలవు చెప్పింది. అప్పటికి ఆమె పేర 27 గోలులున్నాయి. డిఫెండరుకు అది సామాన్యమైన లెక్క కాదు. 2009లో ఆమెను అక్కడి జాతీయ ఫుట్‌బాల్ గౌరవ పీఠానికి ఎన్నుకున్నారు.

కథ ఆమెతో ఆగలేదు. తర్వాతి తరం వాళ్ళు 2019 మార్చి 8న, అంటే సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, సమాన వేతనం కోసం తమ సంఘం మీద కోర్టులో దావా వేశారు. 28 మంది ఆటగత్తెలు. 2022లో రాజీ కుదిరింది, 2 కోట్ల 40 లక్షల డాలర్లకు. అదే ఏడాది మేలో మగ, ఆడ జట్లకు సమానంగా చెల్లించే ఒప్పందాలు ప్రకటించారు. ఆనాడు తొమ్మిదిమంది సంతకం పెట్టమన్న దగ్గర నాటిన విత్తు ఇరవై ఆరేళ్ళకు కాయ కాసింది.

తల్లుల సంగతీ అంతే. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా 2021 జనవరి 1 నుంచి ఒక నియమం అమల్లోకి తెచ్చింది. ఆటగత్తెకు కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, అందులో 8 వారాలైనా బిడ్డ పుట్టిన తర్వాత, సెలవు కాలంలో జీతంలో కనీసం మూడింట రెండువంతులు. గర్భవతి అయిందని ఒప్పందం రద్దు చెయ్యకూడదు. ఈ నియమం కాగితానికే పరిమితం కాలేదు. ఐస్‌లాండ్‌కు చెందిన సారా బ్యోర్క్ గున్నార్స్‌దొత్తిర్ అనే ఆటగత్తెకు గర్భవతిగా ఉన్న రోజుల్లో ఫ్రాన్సులోని ల్యోన్ క్లబ్బు పూర్తి జీతం ఇవ్వలేదు. ఆమె ఫిర్యాదు చేసింది. ఫీఫా న్యాయమండలి ఆమెకు 82,000 యూరోలకు పైగా బాకీ చెల్లించమని తీర్పు చెప్పింది. ఆ సంగతి 2023 జనవరిలో ఆమే లోకానికి చెప్పింది.

ఇప్పుడు మొదట అనుకున్న రెండు మాటలకు వద్దాం.

"ఆవిడ మహాతల్లి, మనకు సాధ్యం కాదు" అనడం ఎందుకు సరికాదు? ఆమెకు ప్రతిభ ఉంది, పట్టుదల ఉంది, కాదనను. కానీ అంతే ఉన్నవాళ్ళు ఆమెకు ముందు వందలమంది ఉండి ఉంటారు. ప్రెస్టన్ ఫ్యాక్టరీ అమ్మాయిలకు లేదా ప్రతిభ? వాళ్ళకు మైదానం లేకుండా చేశారు. జాయ్‌కు దొరికినవి ఏమిటి? ఆమె నాలుగేళ్ళ పిల్లగా ఉండగా వచ్చిన ఒక చట్టం. బిడ్డను ఎత్తుకున్న తోటివాళ్ళు. అడ్డుపడని కోచ్. జీతం తీసుకొని పనిచేసిన ఒక ఆయా. అందరూ కలిసి అడిగి సాధించుకున్న ఒక కాగితం. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా ఆమె 1994లోనే ఇంటికి వెళ్ళిపోయి ఉండేది. మనం ఆమె పేరు విని ఉండేవాళ్ళం కాదు.

అందుకే రెండో మాట ఇంకా అన్యాయం. "ఆవిడ చెయ్యగా లేంది నీకేం" అనేవాళ్ళు ఆవిడ పక్కన నిలబడ్డ ఆయాను చూడరు. ఆయా లేకుండా, ఎత్తుకునే చేతులు లేకుండా, సెలవు లేకుండా, చట్టం లేకుండా ఒక ఆడది ఒంటరిగా అన్నీ మొయ్యాలనడం మెచ్చుకోలు కాదు, మోత. మీ ఇంట్లో కోడలో కూతురో బిడ్డ పుట్టాక మళ్ళీ ఉద్యోగానికో చదువుకో సంగీతానికో వెళ్తానంటే, "నువ్వు ధైర్యవంతురాలివమ్మా" అని దీవించి ఊరుకుంటే సరిపోదు. బిడ్డను ఆ మూడు గంటలు ఎవరు చూస్తారో తేల్చి చెప్పండి. ఆ పూట వంట ఎవరిదో తేల్చి చెప్పండి. తేల్చేటప్పుడు ఇంట్లో మగవాళ్ళను కూడా లెక్కలో వెయ్యండి. వాళ్ళకూ రెండు చేతులుంటాయి కదా!

ఇంకొక్క మాట. జీతానికి వచ్చి మన పిల్లల్ని చూసే మనిషి కూడా ఒక ఇల్లాలే, ఆమెకూ ఇంటి దగ్గర పిల్లలుంటారు. మన వెసులుబాటు ఆమె భుజాల మీద నిలబడి ఉంటే, ఆమె జీతం, ఆమె సెలవు మన నోటిమాట మీద కాకుండా ఒక లెక్క ప్రకారం ఉండాలి. మనకు న్యాయం అడిగే నోటితోనే ఆమెకూ న్యాయం చెయ్యాలి.

వెనుక వరుసలో నిలబడి గోలు పడకుండా కాచేవాళ్ళకు చప్పట్లు తక్కువ. జాయ్ ఫాసెట్ పదిహేడేళ్ళు అక్కడే నిలబడింది. ఆమె వెనుక కూడా ఒక వరుస ఉంది, దానికి అసలే చప్పట్లు లేవు. ఈసారి ఎవరైనా "ఫలానా ఆవిడ ఒంటిచేత్తో అంతా సాధించింది" అని చెప్తే, ఆ వరుసలో ఎవరెవరున్నారని ఒకసారి అడగండి.